ప్రోనోటుకు మూడేళ్లు దాటితే దావా వేయొచ్చా?

చెల్లు (కొంత బాకీ కట్టినట్టు నోటు మీద రాసే రాత) పడని ప్రోనోటు మీద, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లలోపే సివిల్ కోర్టులో దావా వేయాలి; దాటితే కొట్టేస్తారు. "మీరు కోరినప్పుడు చెల్లిస్తాను" అని ఉన్నా, 1963 నాటి కాలపరిమితి చట్టం గడువును అడిగిన రోజు నుంచి కాకుండా రాసిన రోజు నుంచే లెక్కిస్తుంది. ఏళ్లు గడిస్తే సాక్షులు దొరకరు, అందుకే ఈ హద్దు.

అయితే గడువులోపల బాకీదారు కొంత కట్టి, నోటు వెనక మొత్తం, తేదీ వేసి చెల్లు రాసి సంతకం చేస్తే, అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. అమలాపురం దగ్గర ఒక కౌలురైతు సార్వా పెట్టుబడికి 2022 జూన్ 10న లక్ష తీసుకున్నాడనుకుందాం. 2025 మే 20న దాళ్వా ధాన్యం డబ్బులో 5,000 ఇచ్చి చెల్లు రాస్తే, గడువు 2028 మే దాకా ఉంటుంది. ఆ సంతకం అతనిదే కావాలి. అప్పిచ్చినవారు సొంతంగా రాసుకున్న చెల్లు కోర్టులో నిలవదు.

చాలామంది లాయర్ నోటీసు పంపితే గడువు పెరుగుతుందనుకుంటారు. పెరగదు. "కోతలవగానే ఇస్తా" అన్న నోటిమాటకూ అంతే. ఈ రెండిటినీ నమ్ముకునే ఎందరో నిజమైన బాకీలు పోగొట్టుకుంటున్నారు. గడువు దాటాక రాసిన చెల్లూ పనికిరాదు. బాకీదారు ఒప్పుకుంటే కొత్త నోటే రాయించుకోవాలి.