అల్లుడికి, ఆ పాత ఇంజను తాడు లాగే ముందు

చి॥ అల్లుడికి, గుణుపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

మీ తాతగారి కిరసనాయిల్ ఇంజను పాకలోంచి బయటికి ఈడ్చావట. వంశధార ఒడ్డున వంగతోటకి దాంతోనే నీరు పెడతానన్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఛాతీ ఉప్పొంగింది. ఇంట్లో అందరూ తుక్కుకి వేసేద్దామన్న సామాను మీద మనసు పెట్టినవాడివి నువ్వొక్కడివే. ఫోను పెట్టేశాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

అది పెట్రోలుతో అంటుకుని, వేడెక్కాకే కిరసనాయిలు మీద నడుస్తుంది. అందుకని ముందు టాంకులో మిగిలిన పాత పెట్రోలు పారబోసి కొత్తది పొయ్యి. ఆయిలు చూసుకో. తాడు చేతికి చుట్టుకోకు, ఇంజను వెనక్కి తన్నిందంటే మణికట్టు పోతుంది.

లాగి లాగి విసిగినా అంటుకోలేదనుకో, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చూడు. పొడిగా ఉందంటే పెట్రోలు అందడం లేదు, కార్బురేటరు సంగతి చూసుకో. తడిగా ఉందంటే నిప్పురవ్వ సరిగా పడటం లేదు, లేదా గాలిని తగ్గించే చోకు ఎక్కువై పెట్రోలు ముంచేసింది. నల్లగా జిడ్డుగా ఉంటే కిరసనాయిలు మీదే ఇంజను ఆపేశారని అర్థం. ఆపేముందు మళ్లీ పెట్రోలుకి మార్చి కాసేపు నడపాలి. మీ తాత ఏనాడూ అది మరిచిపోయేవాడు కాదు.

ఆ తర్వాత నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ప్లగ్గుని దాని వైరు చివరి టోపీకి తగిలించి, ఇంజను హెడ్డు మీద ఆనించి, తాడు లాగి రవ్వ కోసం చూస్తావు. మీ పెదనాన్న కూడా అదే చేశాడురా.

మిరపనారు ఎండిపోతున్న రోజులవి. వెలుగులో రవ్వ కనపడదని ఇంజన్ని తాటాకు పాకలోనే ఉంచాడు. అప్పటికే చోకు మూసి తాడు లాగీ లాగీ సిలిండరు నిండా పెట్రోలు చేర్చాడు. ప్లగ్గేమో విప్పిన రంధ్రం పక్కనే పెట్టాడు. ఒకసారి లాగాడు, రవ్వ లేదు. మళ్లీ లాగాడు, లేదు. ఈసారి దగ్గరగా వంగి లాగాడు. రంధ్రంలోంచి పెట్రోలు తుంపర ఎగజిమ్మడం, రవ్వ పడటం ఒక్కసారే జరిగాయి. భగ్గుమంది. చొక్కా చెయ్యి అంటుకుంది. మూత లేని పెట్రోలు డబ్బా కాలి దగ్గరే ఉంది. మీ నాయనమ్మ కుడితి తొట్టిలో గోనె ముంచి ఆయన మీద కప్పకపోతే ఆ పాకా ఉండేది కాదు, మనిషీ ఉండేవాడు కాదు. ఆ రాత్రే పర్లాకిమిడి ఆసుపత్రికి తీసుకెళ్లాం. కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడవలేడు. చిన్నప్పుడు నువ్వు ఆ వేలు పట్టుకునే నడక నేర్చుకున్నావు.

ఇంతకీ ఇంజనుకి వచ్చిన రోగం ఏమిటి? ఆపే స్విచ్చు వైరుని ఎలుక కొరికింది. లోపలి రాగితీగ బాడీకి తగిలినప్పుడు రవ్వ రాదు, తగలనప్పుడు వస్తుంది. ఆ వైరు ఊడదీసి చూస్తే అరనిమిషంలో తెలిసిపోయేది.

కాబట్టి ఇంజన్ని ఆరుబయటికి తెచ్చుకో. పెట్రోలు కాకు (టాంకు కింది కుళాయి) కట్టెయ్యి, డబ్బా మూత బిగించి దూరంగా పెట్టు. ప్లగ్గు తీశాక టోపీ పక్కకి కట్టేసి ఉత్తినే నాలుగుసార్లు లాగు, లోపలి ఆవిరి పోతుంది. కాసేపాగి, పాత ప్లగ్గొకటి ఆ రంధ్రంలో బిగించి, పరీక్ష చేసే ప్లగ్గు బయట ఇనుముకి ఆనించు. వట్టి చేత్తో పట్టుకోకు, షాకు కొడుతుంది. రవ్వ నీలంగా టపటపమంటూ వస్తే మంచిది. పసుపుగా, సన్నగా వస్తే నీరసం. అసలే రాకపోతే ముందు ఆ స్విచ్చు వైరు ఊడదీసి మళ్లీ చూడు. అప్పటికీ రాకపోతే టోపీ, ప్లగ్గు వైరు మీద పగుళ్లున్నాయేమో చూడు, వానాకాలం చెమ్మకి రవ్వ అక్కడే కారిపోతుంది.

ఆ తర్వాతే పాయింట్లు. అంటే ఇంజనుతో తిరిగే బరువైన చక్రం, ఆ ఫ్లైవీల్ వెనక విచ్చుకుంటూ మూసుకుంటూ రవ్వ పుట్టించే రెండు చిన్న లోహపు బిళ్లలు. ఇన్నేళ్లు కదలకుండా ఉన్నాయి కనుక పొర పట్టేసి ఉంటాయి. ఫ్లైవీల్ కిటికీలోంచి సన్నని ఎమెరీ కాగితం పెట్టి రుద్దు, పొడి మిగలకుండా తెల్లకాగితం ముక్కతో తుడువు. పాయింట్లు పూర్తిగా విచ్చుకున్నప్పుడు సందు 0.35 మిల్లీమీటర్ల దగ్గర, ప్లగ్గు సందు 0.6 దగ్గర పెట్టు. పాయింట్లు కాలి గుంటలు పడ్డాయంటే అవి కాలకుండా కాపాడే కండెన్సరు మీద అనుమానపడు. చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ అంటుకుంటే రవ్వకి కరెంటు పుట్టించే తీగచుట్ట, అదే కాయిలు గానీ, కండెన్సరు గానీ పోతోందన్నమాట.

రవ్వ బలంగా ఉండీ ఇంజను అంటుకోక వెనక్కి తన్నుతుంటే ఫ్లైవీల్‌ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న ఇనపముక్క, ఆ కీ తెగి, రవ్వ పడే టైమింగు తప్పి ఉంటుంది. సుత్తితో ఫ్లైవీల్ మీద కొట్టావంటే మాత్రం ఊరుకోను. లోపలి అయస్కాంతాలు పగులుతాయి.

ఇంకొక్కటి. ఎండల్లో నీరు లోతుకి పోయిందని ఇంజన్ని బావిలోకి దింపకు నాయనా. దాని పొగలో వాసన తెలియని విషవాయువుంటుంది. దిగినవాడు పైకి రాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడూ రాడు. ఈ మాట మీ అమ్మ ముందు నాకు ఒట్టేసి చెప్పు.

2004లో మా ఊరి చిన్నరైలు (నారోగేజి బండి) ఆగిపోయేదాకా ఇలాంటి సామాన్లు టెక్కలి నుంచి దాంట్లోనే తెచ్చుకునేవాణ్ణి. అప్పటి కండెన్సరొకటి, పాయింట్ల జత ఒకటి నా పెట్టెలో ఉన్నాయి. ఆదివారం ఇప్పటి పెద్దలైను పాసింజరుకి కాశీనగరంలో దిగుతాను, ఫ్లైవీల్ ఊడదీసే పుల్లరు కూడా తెస్తున్నా. వైర్లు, పాయింట్లు నువ్వు చూసి ఉంచు, ఫ్లైవీల్ జోలికి మాత్రం నేనొచ్చేదాకా వెళ్లకు.

మీ మావయ్య