చెన్నైలో కింది ఇల్లు వద్దు, వైజాగ్‌లో పైది వద్దు

అమ్మణ్ణీ,

నీకు ఉద్యోగం వచ్చిందనీ, జనవరిలో చేరాలనీ, చెన్నై ఆఫీసా వైజాగ్ ఆఫీసా అన్నది నిన్నే తేల్చుకోమన్నారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పి ఏడ్చింది, సంతోషానికో భయానికో నేను అడగలేదు. నాకైతే రెండూ ఉన్నాయి. డిపో దగ్గర టీ అంగట్లో కూర్చునే మా రిటైర్డ్ బ్యాచ్ మొత్తానికీ ఆ రోజే చెప్పేశాను, మా మేనకోడలు తన జీతంతో తానే ఊరు ఎంచుకుంటోందని. తీరా ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర రాలేదు. ఫోన్ చేసి చెబుదామంటే సగం విని "సరే మామా" అని పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలీదా. అందుకే రాస్తున్నా, నిదానంగా చదువు.

నువ్వు మీ అమ్మకు పంపిన ఆ పట్టిక చూశాను. జీతం, అద్దె, బీచ్, మాల్స్, ఫ్రెండ్స్ అని గళ్ళు గీసి రెండూళ్ళకీ మార్కులు వేశావే, అది. బాగానే ఉంది. కానీ వాన గడి ఏది? సముద్రం ఒడ్డున ఊరికి పోతూ వానకు మార్కులు వేయకపోతే ఎట్లమ్మా? సర్వీసులో సగం తిరుపతి చెన్నై రూటులో బస్సు తోలినవాడి మేనకోడలివి నువ్వు.

తేలికవి ముందు చెప్పేస్తా. మొదటి నెల హాస్టల్లో ఉండు, దిగీ దిగగానే ఇల్లు తీసుకోవద్దు. అద్దె ఒప్పందం కాగితం మీదే ఉండాలి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే ఇవ్వు. చెన్నైలో అడ్వాన్సు ఎక్కువ అడుగుతారు, బేరమాడు, సిగ్గు పడొద్దు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

ఇక మీ నాయన సంగతి. చెన్నై పేరెత్తగానే ఆయన లేచి వాకిట్లోకి ఎందుకు పోతాడో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. "వరదొచ్చింది, వచ్చేశాం" అని ఒక్క ముక్కలో ముగిస్తారు. నువ్వప్పుడు అవ్వ దగ్గరుండి ఇక్కడ తిరుపతిలోనే స్కూలుకు పోతున్నావు. బావకు 2015లో చెన్నైకి బదిలీ అయింది. మే నెలలో పోయి వేళచ్చేరిలో ఇల్లు చూశాడు. ఎండ మాడుతోంది, వీధి పొడిగా ఉంది, వాకిట్లో వేపచెట్టు, గోడలకు కొత్త రంగు, పక్క వీధితో పోలిస్తే అద్దె తక్కువ. కింది ఇల్లు కాబట్టి చిన్నోడు మెట్ల మీద పడే భయం కూడా లేదన్నాడు. ఓనరుతో మాట్లాడాడు, బ్రోకరుతో మాట్లాడాడు, వీధిలో మనిషిని ఒక్కణ్ణి అడగలేదు.

దీపావళికి నేను పోయాను. ఇంట్లో ఒక్క ప్లగ్గు కూడా కింద లేదు. ఫ్రిజ్ ప్లగ్గు కూడా నా ఛాతీ ఎత్తులో ఉంది. ఇదేంటి బావా అంటే, "పిల్లలు వేలు పెట్టకుండా ఓనరు భలే ఆలోచించాడు" అని నవ్వాడు. అప్పటికే వానలు పట్టుకున్నాయి. నవంబరు నడిమధ్య ఒకసారి నీళ్ళు గడప దాకా వచ్చి వెనక్కి పోయాయి. అట్టపెట్టెల్లో సర్ది పైకెక్కించినవన్నీ మీ నాయన మళ్ళీ దించేశాడు, ఇంకేం రాదులే అని.

డిసెంబరు 1న వచ్చింది. పేపర్లన్నీ చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి వదిలిన నీళ్ళ గురించే రాశాయి కానీ, వేళచ్చేరి మునగడానికి ఆ నది రానక్కర్లేదు. పడిన వాన పల్లికరణై చిత్తడి నేల వైపు పోవాలి, ఆ దారికి అడ్డంగా ఊరు కట్టేశారు, చిత్తడిలో చాలా భాగం పూడ్చేశారు, ఇంక నీళ్ళు ఎటు పోతాయి? కరెంటు పోయింది. చీకట్లో మీ నాయన మొదట ఎత్తింది టీవీని. అప్పు మీద కొన్నది మరి. తర్వాత మిక్సీ, తర్వాత పరుపు. మంచం కింద ట్రంకు పెట్టె గుర్తొచ్చేసరికి అది నీళ్ళలో నానిపోయింది. ఆయన డిగ్రీ సర్టిఫికెట్లు, ఊళ్ళో పొలం కాగితాలు, మీ అమ్మ పెళ్ళి ఫొటోలు, నీ పుట్టిన తేదీ రాసిన కాగితం కూడా అందులోనే. టీవీ దక్కింది. పైనుండే టైలరు వచ్చి చిన్నోణ్ణి భుజాన వేసుకుని పైకి తీసుకుపోయాడు, లేకపోతే ఏమయ్యేదో నేను రాయను.

ఫోన్లు లేవు, బస్సులు ఆపేశారు, రైళ్ళు ఆపేశారు. రోడ్డు తెరిచారని తెలియగానే కోయంబేడు మార్కెట్టుకు పోయే టమోటా లారీ ఎక్కాను. అక్కణ్ణుంచి నడక, ఆటో, మళ్ళీ నీళ్ళలో నడక. పాల ప్యాకెట్ వంద రూపాయలకు అమ్ముతున్నారు. నేను పోయేసరికి మీ నాయన టైలరు ఇంట్లో ఒక మూల కూర్చుని ఉన్నాడు, పక్కనే టీవీ. నన్ను చూసి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ టైలరు చెప్పాడు, 2005లో కూడా ఇంతే మునిగిందని, వేపచెట్టు మీద నీళ్ళ మచ్చ చాన్నాళ్ళు ఉండిందని. మరి ముందే చెప్పలేదేమయ్యా అంటే, "సార్ అడగలేదే" అన్నాడు. నీళ్ళు తీశాక ఓనరు వచ్చి, రిపేర్లకని అడ్వాన్సులో సగం పట్టుకుని, గోడలకు మళ్ళీ నీళ్ళ మచ్చ ఎత్తు దాకా రంగు వేయించాడు.

అందుకే చెప్తున్నా, ఇల్లు ఎండాకాలంలో చూడొద్దు. నీ అదృష్టం, నువ్వు చేరేది జనవరిలో. చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. నవంబరులో మంచి వాన పడుతున్న రోజే పోయి చూడు, చెప్పులు చేతిలో పట్టుకుని అయినా సరే. ప్లగ్గులు ఏ ఎత్తులో ఉన్నాయో చూడు, కాంపౌండు గోడకు కింద ఒక రంగు పైన ఒక రంగు ఉందేమో చూడు, పక్కిళ్ళ గడపలు వీధి కంటే ఎంత ఎత్తు లేపి కట్టారో చూడు. ఓనరును అడగొద్దు. ఇస్త్రీ బండి వాణ్ణి, ఆటో స్టాండు వాళ్ళను, పాల బూత్ ఆమెను అడుగు. తమిళం నీకు వచ్చు కదా, రానట్టు నటించొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మునిగింది మాత్రం మళ్ళీ అదే వేళచ్చేరి, అదే పల్లికరణై. నీ ఆఫీసు షోళింగనల్లూరు అంటున్నావు కాబట్టి బ్రోకర్లు నిన్ను నేరుగా అటే తీసుకుపోతారు. మొదటి అంతస్తు కంటే కింద తీసుకుంటే నేను ఆ ఇంటికి రాను.

చెన్నైలో ఇంకో తమాషా ఉంది, వానాకాలం మునిగే ఊరే ఎండాకాలం నీళ్ళకు ఏడుస్తుంది. 2019లో చెరువులన్నీ ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తోలారు. మీ అత్త చెల్లెలు అంబత్తూరులో ఉండేది, నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో తెలీక ఆఫీసుకు సెలవు పెట్టి బిందెలతో కూర్చునేదట. ఊత్తుక్కోట మీదుగా బస్సులో పోయేటప్పుడు కాలువ దాటతాం గుర్తుందా? కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీళ్ళిచ్చే పూండి చెరువుకు పోయే కృష్ణా నీళ్ళవి, తెలుగుగంగ. మన తిరుపతి తాగేదీ ఆ తెలుగుగంగ నీళ్ళే. 1996లో ఆ నీళ్ళు మొదటిసారి పూండి చేరినప్పుడు చెన్నై ప్రయాణికులు బస్సులో దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. కాబట్టి బోరు ఉందా, లారీ నీళ్ళకు డబ్బు ఎవరు కట్టాలి, ఇవి ఒప్పందంలోనే రాయించుకో.

ఇక వైజాగ్. నిజం చెప్పాలంటే ఊరుగా అదే అందం. ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం, పడిన వాన వాలు పట్టుకుని పోతుంది. నీ ఆఫీసు రుషికొండ కొండ మీదే, మధురవాడలో ఇల్లు తీసుకుంటే ప్రయాణం బాధే లేదు. చెన్నైలో అయితే తిరుపతి నుంచి మాధవరం బస్టాండు ఒక ప్రయాణం, మాధవరం నుంచి షోళింగనల్లూరు ఇంకో ప్రయాణం, రెండోదే నరకం. ఆ రెండింటినీ కలిపే మెట్రో లైను కడుతున్నారు, అయ్యేదాకా రోడ్డంతా తవ్వకాలే. గాజువాక వైపు మాత్రం అద్దె తక్కువని పోవద్దు, ఫ్యాక్టరీల పొగ. ఊరికి ఇంకో పక్క, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మేలో ఫ్యాక్టరీ గ్యాస్ లీకై, నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తబోయి ఎక్కడివాళ్ళక్కడ కుప్పకూలారు. సముద్రంలో మోకాలు దాటి దిగొద్దు, ఆర్‌కే బీచ్ అయినా రుషికొండ అయినా. అలల కింద లాగుడు ఉంటుంది, ఈతగాళ్ళను కూడా వదలదు.

అక్కడ భయం నీళ్ళది కాదు, గాలిది. మీ వదిన పెళ్ళయ్యి ఎంవీపీ కాలనీలో కాపురం పెట్టింది కదా, చివరి అంతస్తు, హాల్లోంచి సముద్రం కనిపిస్తుందని వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి మరీ. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను సరిగ్గా వైజాగ్ మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయిందంటే మనుషుల ఇళ్ళెంత? సముద్రం కనిపించే ఆ పెద్ద అద్దం పగిలి హాలంతా పడింది, వాళ్ళిద్దరూ బాత్రూంలో తలుపేసుకుని కూర్చున్నారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఫోన్ మోగదు, టీవీలో చూస్తే విరిగిన చెట్లు తప్ప మనుషులు కనిపించరు. అల్లుడు సిగ్నల్ ఉన్నచోటికి నడిచిపోయి ఒక్క నిమిషం మాట్లాడేదాకా మీ అత్త పొయ్యి వెలిగించలేదు. వైజాగ్‌లో అయితే మధ్య అంతస్తు తీసుకో, సముద్రం వైపు పెద్ద అద్దాలు లేకుండా చూసుకో. సముద్రం కావాలంటే సాయంత్రం నడిచిపోయి చూడు, అద్దె కట్టక్కర్లేదు.

నవ్వొచ్చే సంగతి ఒకటి. చెన్నైలో మనల్ని తెలుగువాళ్ళంటారు. వైజాగ్‌లో మీ వదిన నోరు తెరవగానే పక్కింటావిడ "మీది తమిళమాండీ?" అని అడిగిందట. మన చిత్తూరు వైపు వాళ్ళకు ఎక్కడికి పోయినా ఈ బాధ తప్పదు, పట్టించుకోకు.

మీ నాయన వైజాగ్ అంటాడు, నాకు తెలుసు. నా ఓటు చెన్నైకి. నా కారణం ఊరి మంచీ చెడూ కాదు. చెన్నై 150 కిలోమీటర్ల లోపు, వైజాగ్ 700 దాటుతుంది. ఆ రోజు చెన్నై రోడ్డు కూడా మూసేశారు కదా మామా అంటావు, అవును, మూసేశారు. తెరవగానే టమోటా లారీ ఎక్కాను. వైజాగ్‌కు నేను ఏ లారీ ఎక్కేది? రాత్రంతా రైల్లో కూర్చోవాలి, అదీ రైళ్ళు నడిస్తే. ఇది నా స్వార్థం. నీ పట్టికలో దీనికి గడి గీయక్కర్లేదు. నీకు వైజాగే నచ్చితే వైజాగే పో, మీ వదిన అక్కడే ఉంది, అన్నం పెట్టే ఇల్లు ఒకటి ఉందన్నమాట. మనూరే సురక్షితం అని మాత్రం అనను. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎట్లా పారాయో చూశావు. అదే వానలకు చెయ్యేరు పొంగి నందలూరు, రాజంపేట దగ్గర మన ఆర్టీసీ బస్సులే చిక్కుకున్నాయి, జనం టాపు మీదికెక్కారు, అందరూ దక్కలేదు. అప్పటినుంచి వాన శబ్దం వినిపిస్తే నాకు స్టీరింగే గుర్తొస్తుంది. నీకు నా రాత అతిగా కనిపిస్తే కారణం అదే అనుకో, కానీ చెప్పినవి మాత్రం చెయ్యి. ఏ ఊరైనా సరే, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసి అన్నిటికంటే పై అరలో పెట్టు. ఫోన్‌లో ఫొటోలు తీసి నాకూ పంపు.

తమిళుల పెరటాసి నెల శనివారాలు అయ్యేదాకా ఇక్కడ బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు, చెన్నై జనమంతా కొండకే వస్తారు. నవంబరులో నువ్వు రెండు రోజులు సెలవు పెట్టుకుని రా, నేనూ వస్తా, ముందు చెన్నై చూద్దాం, నచ్చకపోతే అట్నుంచి వైజాగ్ రైలెక్కుదాం. మీ నాయనతో నువ్వు వాదించొద్దు, నేను మాట్లాడతా. ఆయన్ను కూడా తీసుకుపోదాం. ఇళ్ళు చూడ్డానికంటే రాడు. ఆ టైలరు ఇంకా ఆ వీధిలోనే ఉన్నాడు, పొంగల్‌కు ప్రతిసారీ ఫోన్ చేస్తాడు, ఆయన్ని చూసొద్దాం అంటే వస్తాడు.

మీ మామ