టెక్ సందేహాలు: న్యూయార్క్‌లో దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్‌కు ఏ ఫారం నింపాలి?

ప్రశ్న: మేం న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉంటాం. అమ్మకి గ్రీన్ కార్డు ఉంది, మా దగ్గరే ఉంటోంది. పక్షవాతం వచ్చాక వాకర్ లేనిదే అడుగు వేయలేదు. పార్కింగ్ పర్మిట్ కోసం గూగుల్‌లో వెతికితే, డాక్టరుతో వీడియో కాల్ చేయించి పర్మిట్ ఇప్పిస్తాం, ఇంత కట్టండి అనే సైట్లు వచ్చాయి. నమ్మొచ్చా? అమ్మకి డ్రైవింగ్ కూడా రాదు.

జవాబు: ఆ సైట్ల జోలికి వెళ్లకండి. న్యూయార్క్‌లో ఈ పర్మిట్‌కు ఫీజే లేదు. ‘స్పాన్సర్డ్’ అని ఉన్న ఫలితాలు వదిలేసి, వెబ్ అడ్రస్ చివర డాట్ గవ్ ఉన్న సైటులోనే వివరాలు నింపండి. ఆరోగ్య వివరాలు, పుట్టిన తేదీ, అడ్రస్ అన్నీ ఒకే చోట ఇచ్చే ఫారం ఇది. ముక్కూమొహం తెలియని సైటుకు అవి ఇవ్వడం డబ్బు పోవడం కంటే ప్రమాదం.

డ్రైవింగ్ రాకపోయినా ఫర్వాలేదు. పర్మిట్ ఇచ్చేది మనిషికి. మీరు నడిపే కారులో ఆవిడ ఉంటే చాలు. ఆవిడ లేకుండా మీరొక్కరే వెళ్లి వాడితే మాత్రం తప్పు.

అసలు తికమక వేరే ఉంది. అక్కడ పర్మిట్లు రెండు రకాలు. ఒకటి రాష్ట్రం పర్మిట్. అద్దానికి తగిలించే ట్యాగు ఇదే. శాశ్వత వైకల్యానికి నీలం రంగు, తాత్కాలికానికి ఎరుపు. వెతకగానే ముందు కనిపించే ఎంవీ-664.1 ఫారం దీనిదే. ఇది మాల్, ఆసుపత్రి లాంటి చోట్ల పార్కింగ్ లాట్‌లో వీల్‌చెయిర్ గుర్తు ఉన్న స్లాట్లకు పనికొస్తుంది. న్యూయార్క్ నగర వీధుల్లో అలా దివ్యాంగుల కోసం కేటాయించిన స్లాట్లే ఉండవు. అందుకే రోడ్డు పక్కన ఆపడానికి ఈ ట్యాగు అక్కరకు రాదు. ట్యాగు ఉంది కదా అని ధీమాగా ఆపి ఫైన్ కట్టడం అన్యాయంగా అనిపిస్తుంది, కానీ రూల్ అదే.

వీధిలో పనికొచ్చేది రెండోది, నగరం పర్మిట్. ఇది శాశ్వత వైకల్యం ఉన్నవారికే ఇస్తారు. మీ డాక్టరు రాసిచ్చాక, నగరం నియమించిన డాక్టరు కూడా ధ్రువీకరించాలి. కాబట్టి డబ్బు తీసుకుని వీడియో కాల్‌లో రాసిచ్చే కాగితంతో ఇక్కడ పని జరగదు. నగరంలోని ఐదు బరోల్లో (క్వీన్స్ లాంటి విభాగాల్లో) ఉండేవారికి ఈ రెండు పర్మిట్లూ ఇచ్చేది నగర రవాణా శాఖే. లాట్లలోనూ, వీధిలోనూ అవసరం ఉంటుంది కాబట్టి రెండింటికీ దరఖాస్తు చేయమంటాను.

నగరం పర్మిట్ వచ్చాక స్తంభం మీది బోర్డు జాగ్రత్తగా చదవాలి. ‘నో పార్కింగ్’ అని ఉంటే ఆపొచ్చు. మీటర్ ఉన్నచోట డబ్బు కట్టక్కర్లేదు, మీటర్ డబ్బు కట్టే పార్క్ఎన్‌వైసీ యాప్ తెరిచే పనే లేదు. ‘నో స్టాండింగ్’, ‘నో స్టాపింగ్’ అని ఉంటే మాత్రం ఆపకూడదు. బస్ స్టాపుల్లో, ఫైర్ హైడ్రంట్ (మంటలార్పే నీటి కుళాయి) దగ్గర కూడా కుదరదు. ఒకే స్తంభానికి మూడు బోర్డులుంటాయి, ఒక్కోదానికీ ఒక్కో టైమింగ్. మ్యాప్స్ యాప్‌ను నమ్ముకోకుండా దిగి చదవండి. ఇంకో మాట, పర్మిట్ మీద కారు నంబరు ఉంటుంది. కారు మారిస్తే అది కూడా మార్పించండి.

ఇక కాగితాల సంగతి. ఐఫోన్‌తో తీసిన ఫొటోలు హెయిక్ ఫార్మాట్‌లో ఉంటాయి, చాలా ప్రభుత్వ సైట్లు వాటిని తీసుకోవు. నోట్స్ యాప్‌లో కొత్త నోట్ తెరిచి, అటాచ్‌మెంట్ గుర్తు నొక్కి ‘స్కాన్ డాక్యుమెంట్స్’ ఎంచుకుంటే పీడీఎఫ్ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ ఉంది. డాక్టరు సంతకం, లైసెన్స్ నంబరు స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి. అక్కడ మసకగా ఉంటే టెన్షన్ పడుతూ ఎదురుచూసి, మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: మాది న్యూజెర్సీలోని ఎడిసన్. నాన్నగారికి అక్కడి ట్యాగు ఉంది. న్యూయార్క్ క్వీన్స్‌లోని ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్లినప్పుడు అది చెల్లుతుందా?

జవాబు: లాట్‌లో వీల్‌చెయిర్ గుర్తున్న స్లాటు దొరికితే చెల్లుతుంది. గుడి ముందు వీధిలో చెల్లదు, మామూలు కారులాగే చూస్తారు. నగరంలో ఫుల్‌టైమ్ ఉద్యోగమో చదువో ఉంటే తప్ప బయటివారికి నగరం పర్మిట్ ఇవ్వరు. నాన్నగారిని గుడి ముందు దింపి, పక్కన ఒకరిని ఉంచి, మీరు కారు వేరే చోట పెట్టి రావడమే ప్రస్తుతానికి దారి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇలాంటి పర్మిట్ ఎక్కడ ఇస్తారు?

జవాబు: అలా అద్దానికి తగిలించుకునే పర్మిట్‌కు బదులు మనకు పనికొచ్చేది యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కార్డు వచ్చాక డిజీలాకర్‌లో పెట్టుకోండి, మాల్‌లో సెక్యూరిటీ అడిగితే ఫోన్‌లోనే చూపించొచ్చు. కారు దివ్యాంగుల పేరు మీదే కొంటుంటే మరో పని చేయండి. 2020 నుంచి రిజిస్ట్రేషన్ ఫారంలో యజమాని రకం కింద ‘దివ్యాంగ్‌జన్’ అని నమోదు చేసే వీలుంది. షోరూమ్ వాళ్లు ఫారం నింపేటప్పుడు పక్కనే ఉండి అది రాయించుకోండి.