మట్టిగోడకు సిమెంటు గిలాబు ఎందుకు నిలవదు?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది పరకాల దగ్గర ఊరు, తాతల నాటి మట్టిగోడల ఇల్లు. మూడేళ్ల కింద బయటి గోడలకు సిమెంటు గిలాబు చేయించినం. ఇప్పుడు కింది నుంచి రెండడుగుల ఎత్తు దాకా పెచ్చులు ఊడుతున్నయి, పెచ్చుతో పాటు గోడ మట్టి కూడా అంటుకొని వస్తోంది. మేస్త్రీ ఇనుప జాలి కొట్టి మళ్లీ చేద్దామంటున్నడు. మట్టిలోనే సిమెంటు కలిపి పూస్తే నిలుస్తదని మా బాబాయి అంటున్నడు. నిజమేనా? ఎంత కలపాలి?

జవాబు: చెల్లే, ముందు ఆ జాలి పని ఆపండి. పెచ్చుకు గోడ మట్టి అంటుకొని వస్తోందని రాశారు కదా, అసలు సంగతి అక్కడే ఉంది. గిలాబు గట్టిగానే ఉంది, దాన్ని మోసే బలం గోడకు లేదు. మట్టిగోడ తడికి కాస్త ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది, సిమెంటు గిలాబు దానితో పాటు కదలదు. పైగా నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటికి ఆరే దారి లేక గిలాబు వెనకాలే ఉండిపోయి మట్టిని మెత్తబరుస్తుంది. రెండడుగుల దాకానే ఊడుతోందంటే తడి కింది నుంచే వస్తోంది. సీసీ రోడ్డు పడ్డాక మీ వీధి ఇంటికన్నా ఎత్తైందేమో చూడండి, మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఇదే బాధ. గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా కాలువ తీయకపోతే ఏ పూత పూసినా పైసలు దండగే.

మీ బాబాయి మాట నిజమే, కానీ అది ఏ మట్టి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎర్ర చెల్క మట్టిలో ఇసుక ఎక్కువ, బంక తక్కువ కాబట్టి సిమెంటు బాగా పడుతుంది. నల్లరేగడి అయితే సిమెంటు జోలికి పోవద్దు, దానికి సున్నమే సరైనది. తేల్చుకోవడానికి గాజు సీసాలో మూడో వంతు మట్టి పోసి, నిండా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి మర్నాటి దాకా కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, అన్నిటికన్నా పైన బంక పొరలుగా తేరుకుంటాయి. ఇసుక మూడింట రెండు వంతులైనా ఉండాలి, లేకపోతే ఇసుక కలుపుకోవాలి.

జల్లించిన మట్టి పన్నెండు తట్టలకు సిమెంటు ఒక తట్ట, మరీ వాన జల్లు కొట్టే గోడకు పదికి ఒకటి. అంతకు మించొద్దు. మా ఊరి ఇంటికి మొదటిసారి పూయించినప్పుడు సిమెంటు ఎక్కువైతే ఎక్కువ కాలం ఉంటుందనుకొని ఐదుకు ఒకటి వేయించాను, నెల తిరక్కముందే గోడంతా సన్న నెర్రెలు పడ్డాయి, వేలితో తడితే డొల్ల శబ్దం, అంతా చెక్కించి మళ్లీ చేయించాల్సి వచ్చింది. అందుకే గోడ మీదే జానెడు జానెడు మేర మూడు పాళ్లలో పూసి వారం చూడండి, నెర్రె పడనిది, గీకితే పొడి రాలనిది ఎంచుకోండి.

పాత గిలాబు పూర్తిగా తీసేయాలి, వదులు మట్టి గీకాలి, గోడ మీద అడ్డంగా గాట్లు పెట్టి నీళ్లు చిలకరించాలి. రెండు పూతలుగా, మొత్తం అర అంగుళం చాలు. తర్వాత వారం రోజులు తడి గోనె సంచులు కట్టి ఉంచండి, ఇక్కడే చాలామంది తొందరపడతారు. మన ఎండాకాలంలో అసలు మొదలుపెట్టొద్దు, దీపావళి దాటాక మంచిది. ఆఖరున సున్నం వేయండి, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే మళ్లీ చెమ్మ లోపలే బందీ అవుతుంది. మట్టి ఇల్లు కదా, కూలగొట్టి స్లాబు వేసుకోండి అనేవాళ్లు మీకూ తగులుతారు. కాకతీయుల కాలపు ఓరుగల్లు మట్టికోట ఇంకా ఉంది, ఒకసారి వెళ్లి ఆ కట్ట ఎక్కి చూసి రండి.

ప్రశ్న: జనగామ నుంచి, మేస్త్రీని. ఇట్లాంటి మాలు పొద్దున కలిపి సాయంత్రం దాకా వాడొచ్చా?

జవాబు: వాడొద్దు తమ్ముడూ. నీళ్లు తగిలిన గంటలోపే గోడకు ఎక్కాలి. గట్టిపడ్డ మాలులో నీళ్లు పోసి మళ్లీ మెదిపితే మెత్తగానే కనిపిస్తుంది కానీ సిమెంటు పట్టు పోయినట్టే. పొడిగా కలిపి కుప్ప పోసి ఉంచుదామన్నా మట్టిలో ఉన్న తేమకే సిమెంటు పని మొదలుపెడుతుంది, కాబట్టి ఒకసారికి రెండు మూడు తట్టలే కలుపుకోండి.