ఫిజీలో రాజ్యసభ ఉందా?

ప్రశ్న: మా ముత్తాత విశాఖ జిల్లా నుంచి ఫిజీ చెరకు తోటలకు కూలీగా వెళ్లారట. ఆ దేశపు పార్లమెంటులో మన రాజ్యసభ వంటి ఎగువ సభ ఉందా?
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడు లేదండి. 1970లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు 52 మంది ప్రతినిధుల సభతో పాటు 22 మంది నియమిత సభ్యుల సెనేట్ ఉండేది. వారిలో 8 మందిని సంప్రదాయ నాయకుల మహాసభ సూచించేది. ప్రతినిధుల సభలో స్థానిక ఫిజీయులకు 22, భారత సంతతికి 22, ఇతరులకు 8 స్థానాలు కేటాయించడంతో ఎన్నికలు తొలినుంచీ జాతుల లెక్కగానే సాగాయి. 1987లో రెండుసార్లు, తర్వాత 2000లో, 2006లో తిరుగుబాట్లు జరిగాక, 2013 రాజ్యాంగం సెనేటునూ జాతివారీ స్థానాలనూ తొలగించింది. విచిత్రమేమిటంటే, దేశమంతా ఒకే నియోజకవర్గం: ఓటరు ఎంచుకునేది ఒక అభ్యర్థి అంకెనే అయినా, సీట్ల పంపకంలో ఆ ఓటు ముందు పార్టీ ఖాతాలో చేరుతుంది, 5 శాతం ఓట్లు రాని పార్టీకి సీటు దక్కదు. 2014లో 50 ఉన్న స్థానాలు 2022 నాటికి 55 అయ్యాయి.