భార్యాభర్తలిద్దరికీ గుండెపోటు వచ్చి, రిపోర్టులు ఒకేలా ఉన్నప్పుడు, ఒకరు కోలుకుని మరొకరు కోలుకోకపోవడానికి కారణం ఏమిటి?

మీకూ మీ భర్తకూ కొద్దికాలం తేడాతో గుండెపోటు వచ్చిందనీ, ఇద్దరికీ స్టెంట్లు వేశారనీ, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) రిపోర్టులు ఇంచుమించు ఒకేలా ఉన్నా ఆయన మునుపటిలా తిరుగుతుండగా మీకు మాత్రం అలసట, ఆయాసం, దిగులు తగ్గలేదనీ రాశారు. ఇదంతా మీ మనోబలహీనత అని ఇంట్లోవారు అంటున్నారని, అది నిజమేనా అని అడిగారు. నిజం కాదనే నా సమాధానం. నాకూ గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. మా అన్నయ్యకు అంతకుముందే బైపాస్ జరిగింది. నేను డాక్టరును కాను కాబట్టి, మా ఇద్దరి జీవితాల్లో చూసినదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ మాత్రమే చెబుతాను.

ముందుగా ఆ ఎకో రిపోర్టు సంగతి. అందులో అందరూ చూసే ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంకె, గుండె ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతం ఒక్కో కొట్టుకోవడంలో బయటికి వెళుతోందో చెబుతుంది. మామూలుగా ఆ పరీక్ష మనిషిని పడుకోబెట్టి, విశ్రాంతిగా ఉన్నప్పుడు చేస్తారు. మెట్లెక్కేటప్పుడు ఏమవుతుందో, రాత్రి నిద్ర పడుతుందో లేదో, రేపటి పని తలచుకుంటే భయం వేస్తుందో లేదో ఆ అంకెలో ఉండదు. ఈ సంగతి వైద్యులకు తెలియనిది కాదు. గుండె వైఫల్యం, అంటే శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె సరిగా అందించలేని స్థితి, ఉన్నవారి కోసం తయారైన మిన్నెసోటా ప్రశ్నావళిలో 21 ప్రశ్నలుంటాయి. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 వరకు మార్కులు, మొత్తం 105. ఎంత ఎక్కువ వస్తే ఇబ్బంది అంత ఎక్కువన్న మాట. పగలు కూర్చోవలసి లేదా పడుకోవలసి వస్తోందా, ఇంటిపని కష్టమవుతోందా, ఇంట్లోవారికి భారమయ్యానని అనిపిస్తోందా, దాంపత్య జీవితం దెబ్బతిందా, మందుల వల్ల బాధలున్నాయా అన్నవే అందులోని ప్రశ్నలు. ఛాతీ నొప్పి ఉన్నవారికి 19 ప్రశ్నల సియాటిల్ యాంజైనా ప్రశ్నావళి వేరే ఉంది. వీటిలో ఏదీ ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఎంత అని అడగదు. రోగి చెప్పిందే అక్కడ కొలత.

ఇలాంటి ప్రశ్నావళులతో జరిగిన అధ్యయనాలలో చాలావాటిలో స్త్రీల జీవన నాణ్యత పురుషులకంటే తక్కువగానే కనిపించింది. స్త్రీలకు గుండె జబ్బు సాధారణంగా పురుషులకంటే ఏడు నుంచి పదేళ్లు ఆలస్యంగా వస్తుంది, అప్పటికే మధుమేహం, రక్తపోటు, కీళ్లనొప్పులు తోడై ఉంటాయి కాబట్టి ఈ తేడా అనేవారున్నారు. అందులో కొంత నిజం ఉంది కానీ, వయసునూ ఇతర జబ్బులనూ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా తేడా పూర్తిగా పోని సందర్భాలు ఎన్నో. గుండె లోపలి కారణాలు కూడా ఉన్నాయి. గుండె వైఫల్యంలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ మామూలుగానే ఉండి, గుండె కండరం బిగుసుకుపోవడం వల్ల ఆయాసం వచ్చే రకం స్త్రీలలో ఎక్కువ. అలాగే యాంజియోగ్రామ్‌లో కనిపించని అతి సన్నని రక్తనాళాలు సరిగా విప్పారకపోవడం వల్ల వచ్చే ఛాతీ నొప్పి కూడా స్త్రీలలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలో 1996లో మొదలైన వైజ్ అనే అధ్యయనం ఈ విషయంపై చాలా వెలుగు ప్రసరింపజేసింది. స్టెంటు వేసేది పెద్ద నాళంలో కాబట్టి, అది చక్కగా తెరుచుకున్నా సన్న నాళాల బాధ మిగిలే ఉండవచ్చు. అందువల్ల ‘రిపోర్టు బాగుంది, మీకేమీ లేదు’ అనే మాటలో మొదటి సగం నిజమైనంత మాత్రాన రెండో సగం నిజం కానవసరం లేదు.

ఇక గుండెకు బయట ఉన్న కారణం, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, ఇంటిపని. అన్నయ్య ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన విశ్రాంతి ఇంటిల్లిపాదికీ బాధ్యత అయింది. ఆయన నడక సమయం, నిద్ర సమయం, మందుల వేళలు అన్నీ వదినే చూసుకుంది. నా విషయంలో ఎవరూ చెడ్డగా ప్రవర్తించలేదు, అడిగితే అందరూ సాయం చేశారు. కానీ ప్రతి పనికీ అడగవలసి రావడమే ఒక పని అయిపోయింది. ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను కనుక విశ్రాంతిలో ఉన్నట్టే అనుకున్నారు. నిజానికి శ్రమను కొలిచే మెట్ లెక్కల ప్రకారం 3 నుంచి 6 వరకు ఉన్నదాన్ని ఒక మోస్తరు శ్రమ అంటారు. ఇల్లు ఊడవడం, తుడవడం, పక్కలు సర్దడం వంటి పనులు చాలావరకు చురుగ్గా నడిచినంత శ్రమే. పైగా అంతే శ్రమను కాళ్లతో కాక చేతులతో చేసినప్పుడు గుండె వేగం, రక్తపోటు మరింత పెరుగుతాయి. మీరు రోజంతా ఎన్ని గంటలు చేతులు పైకెత్తి, ముందుకు వంగి పని చేస్తున్నారో ఒకసారి గమనించండి. అన్నయ్య అరగంట నడిచి వస్తే దాన్ని వ్యాయామం అని మెచ్చుకునేవారు. నేను అంతకు మూడింతలు చేసి అలసిపోతే దాన్ని నీరసం అన్నారు. (ఈ మాట నేను ఇప్పటికీ కొంచెం కోపంగానే రాస్తున్నాను.)

అయితే మీ భర్త పూర్తిగా కోలుకున్నారన్న మీ నమ్మకాన్ని కూడా నేను కొంత అనుమానిస్తాను. అన్నయ్య అందరికీ ‘బాగానే ఉన్నాను’ అని చెప్పేవాడు, చకచకా నడిచేవాడు. ఒకసారి నేను నా కోసం తెచ్చుకున్న ప్రశ్నలను ఆయనకు చదివి వినిపిస్తే, నెలల తరబడి సరిగా నిద్రపోవడం లేదనీ, ఒంటరిగా ఉన్నప్పుడు నాడి పట్టుకుని చూసుకుంటూనే ఉంటాననీ అప్పుడు బయటపడింది. వదిన ఆయన కోపం పెరిగిందని మాత్రమే అనుకుంటూ వచ్చింది. గుండెపోటు తర్వాత దాదాపు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన డిప్రెషన్ ఉంటుందని అంచనా. స్త్రీలలో అది మరింత ఎక్కువ, కానీ పురుషులలో చాలాసార్లు చిరాకు రూపంలోనే బయటికి వస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే గుండె రోగులను డిప్రెషన్ గురించి తప్పక అడగాలని సూచించింది. అందుకు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు: గత రెండు వారాలలో పనుల మీద ఆసక్తి, ఆనందం తగ్గాయా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? మీకు ఉన్న దిగులు డాక్టరు పట్టించుకోవలసిన లక్షణమే, దానికి చికిత్స ఉంది.

మందుల వల్ల వచ్చే అలసట కూడా తక్కువది కాదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు కొందరికి నీరసాన్నీ, చేతులు చల్లబడటాన్నీ తెస్తాయి. రక్తపోటు తగ్గించే రామిప్రిల్ వంటి మందుల వల్ల వచ్చే పొడిదగ్గు స్త్రీలలో ఎక్కువ. సొంతంగా మాత్రం ఏదీ ఆపవద్దు, చెబితే మోతాదో మందో మార్చగలరు. దాంపత్యం గురించి పురుషులనే అరుదుగా అడుగుతారు, స్త్రీలను దాదాపు అడగరు. పరిస్థితి నిలకడగా ఉండి, రెండంతస్తుల మెట్లు ఛాతీ నొప్పి, ఆయాసం లేకుండా ఎక్కగలిగినవారికి లైంగిక సంబంధం వల్ల సాధారణంగా ఇబ్బంది ఉండదంటారు. ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ (వయాగ్రా) వంటివి మాత్రం అస్సలు వాడకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

నాకు అన్నిటికంటే మేలు చేసింది కార్డియాక్ రిహాబ్, అంటే పర్యవేక్షణలో చేయించే వ్యాయామం, దానితోపాటు సలహాలు. దీనివల్ల ఆసుపత్రిలో మళ్లీ చేరడం తగ్గుతుందనీ, జీవన నాణ్యత పెరుగుతుందనీ పరిశోధనలు చెబుతున్నా, స్త్రీలను అక్కడికి పంపడమే తక్కువ, వెళ్లినవారు మధ్యలో మానేయడం ఎక్కువ. మిమ్మల్ని పంపకపోతే మీరే అడగండి. అక్కడ నాడి చూస్తూ నడిపించినప్పుడు, ఏ ఆయాసం మామూలుదో, ఏది ఆగవలసినదో నాకు తెలిసింది. నా భయంలో చాలా భాగం అక్కడే పోయింది.

ఛాతీ నొప్పి ఇంకా వస్తుంటే దాన్ని దాచకండి. అయిదు వేలమందికి పైగా నిలకడైన గుండె జబ్బు ఉన్నవారితో జరిగి 2020లో ఫలితాలు ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలో, ముందుగానే స్టెంటు లేదా బైపాస్ చేయడం వల్ల ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ తరచుగా నొప్పి వచ్చేవారి జీవన నాణ్యత మాత్రం బాగా మెరుగైంది, నొప్పి లేనివారికి ఆ లాభం దాదాపు లేదు. అంటే చికిత్స మీకు ఎంత ఉపయోగపడుతుందన్నది కూడా మీరు చెప్పే బాధ మీదే ఆధారపడుతుంది.

అందుకే డాక్టరు దగ్గర ‘నీరసంగా ఉంది’ అని ఊరుకోకండి. ఒక అంతస్తు ఎక్కడానికి ఎన్నిసార్లు ఆగుతున్నారో, గత నెలలో చేయగలిగి ఇప్పుడు మానేసిన పని ఏమిటో, ఎన్ని తలగడలు పెట్టుకుంటే నిద్ర పడుతోందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు ఈమధ్య చేయించకపోతే అడగండి; ఈ అలసటలో వాటి పాత్ర తరచుగా ఉంటుంది. మూడు రోజుల్లో బరువు రెండు కిలోలకు పైగా పెరిగినా, కాళ్లు వాచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఛాతీ నొప్పి వస్తే మాత్రం అత్యవసర విభాగానికే వెళ్లాలి. వీలైతే మీ భర్తతో కలిసి కాకుండా విడిగా లోపలికి వెళ్లండి, ఆయనను కూడా అలాగే వెళ్లమనండి. ఒకరి ఎదుట మరొకరు ‘పర్వాలేదు’ అని చెప్పడం మా ఇంట్లో నేను చాలాసార్లు విన్నాను.