కౌంటర్‌లో అంకె కదలకపోతే ఓసీఎక్స్‌వో స్థిరంగా ఉన్నట్టేనా?

పాత పరికరంలోంచి తీసిన 10 మెగాహెర్ట్జ్ ఓసీఎక్స్‌వో (ఒకే ఉష్ణోగ్రతలో ఉంచే చిన్న అవెన్‌లో పెట్టిన క్రిస్టల్ ఆసిలేటర్) కొన్నానని, ఫ్రీక్వెన్సీ కౌంటర్‌కి తగిలిస్తే గంటసేపు చివరి అంకె కూడా మారలేదని, అంటే అది స్థిరంగా ఉన్నట్టేనా అని అడిగారు. అలా చెప్పలేం. 1 సెకను గేటుతో, అంటే ఒక్కో సెకను పాటు సైకిళ్లు లెక్కపెడుతూ నడిచే మామూలు కౌంటర్‌కి 1 హెర్ట్జ్ కంటే చిన్న తేడా కనపడదు. అంటే కోటిలో ఒక వంతు. మంచి ఓసీఎక్స్‌వో ఒక సెకనులో ఊగేది పదివేల కోట్లలో ఒక వంతు, ఇంకా మేలురకమైతే లక్ష కోట్లలో ఒక వంతు. మీరు చూడాల్సినదంతా ఆ చివరి అంకెకి చాలా కింద జరుగుతోంది.

నేను హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఈ కొలతలు తీస్తుంటాను. ఫ్రీక్వెన్సీని వదిలేసి ఫేజ్‌ని, అంటే రిఫరెన్స్‌గా పెట్టుకున్న ఇంకో క్లాక్‌తో పోలిస్తే మీది ఎంత ముందో వెనకో, లాగ్ చేయండి. 10 మెగాహెర్ట్జ్‌ని పిక్‌డివ్ అనే డివైడర్ చిప్‌తో సెకనుకో పల్స్‌గా మార్చి, ఆ పల్స్‌కీ రిఫరెన్స్ పల్స్‌కీ మధ్య ఎంత సమయం ఉందో ప్రతి సెకనూ రికార్డు చేయాలి. ఇందుకు ట్యాపర్ అనే హ్యామ్ రేడియో సంస్థ వాళ్ల టీఐసీసీ అనే టైమ్ కౌంటర్ బోర్డు బాగుంటుంది. ఆర్డ్యునో మెగా మీద కూర్చుంటుంది, రిజల్యూషన్ సుమారు 60 పికోసెకన్లు. డేటాని టైమ్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటే అలన్ డీవియేషన్ గ్రాఫ్ అదే గీస్తుంది. ఎంతసేపటి సగటు తీస్తే (ఆ వ్యవధినే టౌ అంటారు) ఫ్రీక్వెన్సీ ఎంత ఊగుతుందో ఆ గ్రాఫ్ చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే. డేవిడ్ అలన్ 1966లో ఈ లెక్క ప్రతిపాదించడానికి కారణం ఉంది: ఆసిలేటర్లలో ఉండే ఫ్లికర్ నాయిస్ (నెమ్మదిగా వచ్చే మార్పులే ఎక్కువగా ఉండే నాయిస్) వల్ల మామూలు స్టాండర్డ్ డీవియేషన్ డేటా పెరిగేకొద్దీ ఒక విలువ దగ్గర నిలబడదు. అలన్ లెక్కలో పక్కపక్క సగటుల మధ్య తేడానే చూస్తాం కాబట్టి ఆ ఇబ్బంది తప్పుతుంది. మీ ఓసీఎక్స్‌వో సరిగ్గా 10 మెగాహెర్ట్జ్ మీద లేకపోయినా ఫలితం పాడవదు.

ఓసీఎక్స్‌వోని కొలిచే ముందు కౌంటర్‌ని, అంటే ఆ టీఐసీసీని, కొలవండి. ఒకే పల్స్‌ని రెండు చానెళ్లకీ ఇచ్చి ఒక రాత్రంతా వదిలేయండి. వచ్చిన అలన్ గీతే మీ కౌంటర్ నేల, అంతకంటే కింద ఉన్నది అది చూడలేదు. 60 పికోసెకన్ల కౌంటర్‌కి అది 1 సెకను దగ్గర సుమారు 10⁻¹⁰, 100 సెకన్ల దగ్గర 10⁻¹² ఉంటుంది. ఓసీఎక్స్‌వో గీత దీని మీద పడితే మీరు చూస్తున్నది కౌంటర్‌నే. అందుకే ఈ పద్ధతిలో 1 సెకను స్థిరత్వం తెలియదు. అది కావాలంటే డ్యూయల్ మిక్సర్ (చిన్న తేడాని పెద్దది చేసి చూపే సర్క్యూట్) లాంటి ఏర్పాటు చేసుకోవాలి.

అసలు చిక్కు రిఫరెన్స్‌తోనే. చాలామంది జీపీఎస్ మాడ్యూల్ పల్స్‌ని పెట్టుకుని, గ్రాఫ్‌లో 1 సెకను దగ్గర 10⁻⁸ కనపడగానే ఓసీఎక్స్‌వో చెడిపోయిందని టెన్షన్ పడతారు. ఆ 10⁻⁸ జీపీఎస్‌ది. రిసీవర్ తన సొంత క్లాక్ అంచుల మీదే పల్స్‌ని వదలగలదు కాబట్టి అది పది, ఇరవై నానోసెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. టౌ పదిరెట్లైతే గీత పదిరెట్లు కిందికి దిగుతుంటే, అంత దూరం అది జీపీఎస్ జిట్టరే అనుకోండి. కొన్ని వేల సెకన్లు దాటాక మాత్రం జీపీఎస్‌ని మించిన రిఫరెన్స్ ఇంట్లో దొరకదు. అంతకంటే తక్కువ టౌకి అదే రకం ఇంకో ఓసీఎక్స్‌వో కొని రెండింటినీ పోల్చండి. రెండూ సమానమైనవనుకుంటే ఫలితాన్ని √2తో భాగిస్తే ఒక్కోదాని వాటా వస్తుంది. మూడు ఉంటే జతలుజతలుగా కొలిచి ఏది ఎంతో విడదీయొచ్చు.

అలన్ గ్రాఫ్ కంటే ముందు ఫేజ్ గ్రాఫ్ చూడమని నేను గట్టిగా చెబుతాను. ఏటవాలు గీతైతే అది ఫ్రీక్వెన్సీ తేడా: 1000 సెకన్లలో 1 మైక్రోసెకను జరిగితే వంద కోట్లలో ఒక వంతు. ఆ వాలు తీసేశాక వంపు మిగిలితే ఏజింగ్, అంటే కాలంతో పాటు ఫ్రీక్వెన్సీ మెల్లగా జరగడం. రోజుకోసారి అల వస్తే గది ఉష్ణోగ్రత. మధ్యలో గభాలున మెట్టు కనపడితే వదులు కనెక్టర్, కరెంటు పోయి రావడం లాంటివి వెతకండి. ఇవన్నీ అలన్ గ్రాఫ్‌లో కలిసిపోయి ఒక ఉబ్బుగానే కనిపిస్తాయి.

మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ గాలి పెద్ద శత్రువు. ఓసీఎక్స్‌వో మీద అట్టపెట్టె బోర్లిస్తే చాలు. థర్మోకోల్‌తో బిగించకండి, లోపలి వేడి బయటికి పోకపోతే మే నెలలో అవెన్ తన ఉష్ణోగ్రతని అదుపు చేయలేకపోవచ్చు. కరెంటు ఒక్కసారి పోయినా ఫ్రీక్వెన్సీ పాత చోటికి సరిగ్గా తిరిగి రాదు కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. ఫ్రీక్వెన్సీని కొద్దిగా సర్దే ట్యూనింగ్ పిన్నుని గాల్లో వదలకుండా స్థిరమైన వోల్టేజ్ ఇవ్వండి, ఆ వోల్టేజ్ నాయిస్ కూడా నేరుగా ఫ్రీక్వెన్సీలోకి వస్తుంది. చాలాకాలం పవర్ లేకుండా పడున్న పీస్ అయితే వారం, రెండు వారాలు ఆన్‌లో ఉంచాకే లాగ్ మొదలుపెట్టండి. గ్రాఫ్‌లో కుడి చివర ఉండే బిందువులని నమ్మొద్దు. మొత్తం డేటా నిడివిలో పదో వంతు దాకా ఉన్న టౌ వరకే చూడండి. ఒక రోజు టౌ దగ్గర విలువ కావాలంటే పది రోజుల డేటా ఉండాలి.